తూలేవాడు వేరు, తన్నేవాడు వేరు: నెల్లూరు జిల్లా పోలీసు అధికారులకు బహిరంగ లేఖ

జిల్లా పోలీసు సూపరింటెండెంట్ గారికి, డీఎస్పీలకు, స్టేషన్ హౌస్ ఆఫీసర్లకు, రాత్రి బీటు తిరిగే కానిస్టేబుళ్లకు, హోంగార్డులకు

నమస్కారం.

ఈ జిల్లా కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే వకీళ్లు, క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లు, మహిళా సంఘాల కార్యకర్తలు కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. ఏ ఒక్క స్టేషన్ మీదా, ఏ ఒక్క అధికారి మీదా ఫిర్యాదు కాదు. రోడ్డు మీద తాగి కనిపించిన మనిషిని పట్టుకుని జీపెక్కించడం ఎంతవరకు న్యాయం, ఎక్కడ అన్యాయం, పట్టుకోక తప్పనప్పుడు ఎలా పట్టుకోవాలి అన్నదే ఇందులో విషయం. తాగుడును వెనకేసుకురావడం మా పని కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన జిల్లా ఇది. ఇక్కడ నిలబడి తాగుడు మంచిదని మేమెవరమూ అనం.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 2024 జులై 1 నుంచి ఐపీసీ 510 పోయి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 355 వచ్చింది. పాత సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష 24 గంటల సాధారణ జైలు, లేదా పది రూపాయల జరిమానా, లేదా రెండూ. కొత్తదాంట్లో జైలు అదే 24 గంటలు. జరిమానా వెయ్యి రూపాయల దాకా పెరిగింది, సామాజిక సేవ అనే శిక్ష కొత్తగా చేరింది. మారని సంగతి ఒకటుంది, అసలు చూడాల్సింది దాన్నే. నేరం రుజువు కావాలంటే రెండు ఉండాలి. మనిషి మత్తులో బహిరంగ స్థలంలోనో, తాను అడుగుపెట్టకూడని చోటనో కనబడాలి. కనబడి, ఇంకొకరికి చీకాకు కలిగేలా ప్రవర్తించాలి. ఈ రెండోది లేకపోతే 355 లేదు. ఆత్మకూరు బస్టాండులో ఆఖరి బస్సు కోసం గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి దగ్గర మందు వాసన వచ్చినంత మాత్రాన నేరం జరిగినట్టు కాదు. ఎవరికి చీకాకు కలిగింది, ఏం చేస్తే కలిగింది, ఆ మనిషి వచ్చి సాక్ష్యం చెబుతాడా అన్న మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉండాలి. పెట్టీ కేసుల కాగితాల్లో సాధారణంగా ఉండే వాక్యం మాత్రం ఒక్కటే: "మద్యం సేవించి ప్రజలకు ఇబ్బంది కలిగించుచుండగా." ఏ ప్రజలు, ఏ ఇబ్బంది అన్నది ఉండదు. ముద్దాయి నేరం ఒప్పుకుని జరిమానా కట్టేస్తాడు కాబట్టి ఎవరూ అడగరు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. 355 నాన్ కాగ్నిజబుల్ నేరం, బెయిలబుల్ నేరం. అంటే వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఈ సెక్షన్ ఒక్కదాని కింద పోలీసుకు లేదు. ఎవరైనా వచ్చి ఫిర్యాదు చేస్తే, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 174 ప్రకారం సారాంశం పుస్తకంలో రాసుకోవాలి, ఫిర్యాదుదారుణ్ని మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి, అలాంటి కేసుల డైలీ డైరీ రిపోర్టును 15 రోజులకోసారి మేజిస్ట్రేటుకు పంపాలి. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా దర్యాప్తు కూడా మొదలుపెట్టకూడదు. ఇది కానిస్టేబుల్ శిక్షణలో మొదట్లోనే చెప్పే పాఠం. రాత్రి తొమ్మిదిన్నరకు వాహనంలో ఖాళీ ఉందా లేదా అన్నది చూసే చోట ఈ పాఠం గుర్తుండదు.

అయితే మీ చేతుల్లో ఏ అధికారమూ లేదని మేం అనడం లేదు. ఉంది, కానీ దేని హద్దు దానికుంది. పేరు, ఊరు అడిగితే చెప్పనని మొండికేస్తే, లేదా చెప్పింది అబద్ధమని నమ్మే కారణం ఉంటే, బీఎన్‌ఎస్‌ఎస్ 39 కింద పట్టుకోవచ్చు. వివరం తెలియగానే బాండు రాయించుకుని వదిలేయాలి. నాలుక తిరగక పేరు చెప్పలేకపోవడం నిరాకరించడం కాదు. జేబులో ఆధార్ కార్డో, సెల్‌ఫోన్‌లో ఇంటి నంబరో ఉంటుంది, అక్కడితో ఆ అవసరం తీరిపోతుంది. కాగ్నిజబుల్ నేరానికి సిద్ధపడుతున్నాడని తెలిసి, వేరే దారి లేకపోతే 170 కింద ముందస్తు అరెస్టు ఉంది. చేతిలో కత్తి పట్టుకుని పక్కింటివాడి కోసం వెతుకుతున్నవాడు దాని కిందికి వస్తాడు. పాట పాడుకుంటూ పోయేవాడు రాడు. 172 కొత్తది. నేరాలు జరగకుండా ఆపే పనిలో పోలీసు ఇచ్చిన చట్టబద్ధమైన ఆదేశాన్ని లెక్కచేయనివాణ్ని అక్కడి నుంచి తప్పించవచ్చు, పట్టి ఉంచవచ్చు, చిన్న విషయమైతే వీలైనంత తొందరగా, 24 గంటల లోపు వదిలేయాలి. ఇక్కడ క్రమం చూడండి: ముందు ఆదేశం, దాని ధిక్కారం, ఆ తర్వాతే చెయ్యి వేయడం. "ఇంటికి పో నాయనా" అనకుండానే కాలర్ పట్టుకుంటే 172 వర్తించదు. ఇక మన జిల్లా పాత మద్రాసు రాష్ట్రంలోది కాబట్టి 1889 నాటి టౌన్స్ న్యూసెన్సెస్ చట్టం కూడా కాగితాల మీదికి వస్తుంటుంది. దాన్ని వాడదలిస్తే ఏ క్లాజు కిందో స్పష్టంగా రాయండి. పేరులోనే ఉంది, అది పట్టణాల చట్టం. పొలం గట్టు మీద కూర్చున్న కూలీకి దాన్ని తగిలించే ముందు ఆ చోటికి అది వర్తిస్తుందో లేదో చూసుకోవాలి.

నిజంగా అల్లరి చేసేవాడి విషయంలో మీకు 355 అవసరమే లేదు. నడిరోడ్డు మీద బూతులు తిడుతుంటే బీఎన్‌ఎస్ 296 ఉంది, అది కాగ్నిజబుల్. ఆడపిల్ల మీద చెయ్యి వేస్తే 74, సైగలు చేసి మాటలంటే 79. ఇవి పట్టుకునే అధికారం ఉన్న సెక్షన్లు. వీటిని వదిలేసి తేలిగ్గా ఉందని పెట్టీ కేసు రాస్తే రెండు వైపులా అన్యాయం జరుగుతోంది. ఏమీ చేయనివాడు లాకప్‌లో పడుతున్నాడు, చేసినవాడు వెయ్యి రూపాయలతో బయటపడుతున్నాడు.

ఇప్పుడు ఎవరు దొరుకుతున్నారో చూడండి. లైసెన్సు ఉన్న బారులో ఏసీ కింద మూడు పెగ్గులు తాగి, డ్రైవరు తెచ్చిన కారెక్కి మాగుంట లేఅవుట్‌కు పోయే మనిషి బీటు కానిస్టేబుల్‌కు కనబడడు. రైస్ మిల్లులో బస్తాలు మోసి, దుకాణంలో క్వార్టరు కొని, కూర్చునే చోటు లేక పెన్నా గట్టుకు పోయేవాడు కనబడతాడు. కృష్ణపట్నం వైపు పనికి వచ్చి ఒక్క గదిలో ఎనిమిది మంది ఉండే ఒడిశా, బిహార్ కుర్రాళ్లు కనబడతారు. 2019లో ప్రభుత్వ దుకాణాలు వచ్చినప్పుడు, దుకాణం దగ్గరే కూర్చుని తాగే పర్మిట్ రూములు తీసేశారు. 2024 అక్టోబర్ 16న ప్రైవేటు దుకాణాలు తిరిగి తెరుచుకున్నాయి, పొద్దున పది నుంచి రాత్రి పది దాకా అమ్మకం. 99 రూపాయల క్వార్టరు కూడా అప్పుడే వచ్చింది. పర్మిట్ రూము ఉన్న చోట సంగతి వేరు. లేని చోట సీసా అమ్మడం చట్టబద్ధం, కొన్న కూలీకి తాగే చోటు మాత్రం లేదు. రోడ్డు మీద తాగకూడదన్న నియమం సరైనదే, బడి పక్కన, గుడి పక్కన, ఆడవాళ్లు నడిచే దారిలో తాగేవాళ్లను లేపేయాల్సిందే. కానీ ఊరికి రెండు కిలోమీటర్ల అవతల ఖాళీ లేఅవుట్‌లో ఉన్నవాళ్ల మీదికి డ్రోన్ ఎగరేసి పట్టుకోవడం, ఆ దుకాణం ముందే పది అడుగుల్లో నిలబడి తాగుతున్నవాళ్లను వదిలేయడం న్యాయం కాదు. లైసెన్సుదారుణ్ని అడగాల్సిన ప్రశ్న కొనుక్కున్నవాడి వీపు మీద పడుతోంది. దూబగుంట ఆడవాళ్లు తాగినవాళ్లను కట్టేయమని అడగలేదు. కొట్లు మూయించారు, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993లో సారా నిషేధం వచ్చింది అలాగే.

జరిమానా మాట కూడా చెప్పాలి. పది రూపాయలు వెయ్యి అయింది, వందరెట్లు. రోజు కూలీకి అది రెండు మూడు పనిదినాలు. ఆ డబ్బు తాగినవాడి జేబులోంచి రాదు, ఎందుకంటే అప్పటికే ఆ జేబు ఖాళీ. పొద్దున్నే స్టేషన్ దగ్గరికి పరుగెత్తుకొచ్చే భార్య ఇస్తుంది. డ్వాక్రా కిస్తీకి దాచింది తీస్తుంది, లేదా పొరుగున చేబదులు అడుగుతుంది. అంటే శిక్ష పడింది ఆమెకు. ఆమెకు ఆ పూట కూలీ కూడా పోతుంది. మేజిస్ట్రేటు జరిమానా వేయకుండా సామాజిక సేవ వేయవచ్చని చట్టం చెబుతున్నప్పుడు, ఆ దారి అడగమని ప్రాసిక్యూషన్ వైపు నుంచి ఒక్క మాట చాలు. దాంతో భారం తాగినవాడి ఒంటి మీదే ఉంటుంది. ఒకటి మాత్రం మరవొద్దు: సామాజిక సేవ వేసేది కోర్టు, నేరం రుజువయ్యాక. స్టేషన్ ఆవరణ ఊడిపించడం, గుంజీలు తీయించడం, బ్యానర్ పట్టించి నిలబెట్టడం సామాజిక సేవ కాదు, ఏ చట్టంలోనూ లేని శిక్షలవి. వరసగా కూర్చోబెట్టి ఫోటో తీసి "మందుబాబులకు కౌన్సెలింగ్" అని వాట్సాప్ గ్రూపుల్లో వదిలితే, మర్నాడు బడిలో తలవంచుకునేది వాళ్ల పిల్లలు.

మహిళా సంఘాల తరఫున అన్నింటికంటే గట్టిగా చెప్పేది ఇది. తాగొచ్చి భార్యను కొట్టాడని ఫోన్ వస్తే, వచ్చి అతణ్ని తీసుకెళ్లి "తాగి గొడవ" కింద పెట్టీ కేసు రాసి తెల్లారి వదిలేయడం మానేయండి. ఆమె చెయ్యి విరిగిన సంగతి ఆ కాగితంలో ఉండదు. మరుసటి నెల మళ్లీ కొడితే "మొదటిసారి" అవుతుంది. మత్తు దిగిన మనిషి వెయ్యి పోగొట్టుకున్న కోపంతో తిరిగొస్తాడు, రెండో దెబ్బ మొదటిదానికంటే గట్టిగా పడుతుంది. అక్కడ రాయాల్సింది బీఎన్‌ఎస్ 85, బాధితురాలో ఆమె బంధువో చెబితే అది కాగ్నిజబుల్. గాయం తీవ్రమైతే 117. ఆమెను ఆసుపత్రికి పంపి గాయాల సర్టిఫికెట్ తీసుకోవాలి. 2005 గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉన్నారని, రక్షణ ఉత్తర్వు అడగవచ్చని, ఉచిత న్యాయ సహాయం ఉందని చెప్పడం ఆ చట్టం 5వ సెక్షన్ ప్రకారం పోలీసు బాధ్యత. 181 నంబరు ఆమె చేతికివ్వండి. వీధిలో తూలే పదిమందిని పట్టుకోవడానికి పోయే సమయం ఇలాంటి ఒక్క ఇంటికి పెడితే, ఆ ఊరు మీకు చేతులెత్తి దండం పెడుతుంది.

ఇక డాక్టర్ల వైపు నుంచి. ఇక్కడ తప్పు జరిగితే ప్రాణమే పోతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

తూలడం, మాట ముద్దగా రావడం, వాంతి, మగత, తిట్లు, తిరగబడటం మందు వల్లే వస్తాయని అనుకోవద్దు. షుగర్ మందులు వేసుకునే మనిషికి అన్నం ఆలస్యమై రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కిందికి పడిపోతే అచ్చం తాగినట్టే ఉంటాడు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, ఎదురు తిరుగుతాడు. తల మీద దెబ్బ తగిలి లోపల రక్తం చేరుతున్నవాడూ అలాగే ఉంటాడు. మొదట మాట్లాడతాడు, రెండు గంటలయ్యాక లేపితే లేవడు. ఫిట్స్ వచ్చి తగ్గిన మనిషి అరగంట అయోమయంగా ఉంటాడు. పక్షవాతంలో మూతి వంకర పోయి మాట తడబడుతుంది. రోహిణి కార్తెలో మన ఊళ్లో మిట్టమధ్యాహ్నం మద్రాసు బస్టాండు దగ్గర పడిపోయిన మనిషికి వడదెబ్బే మొదట గుర్తుకు రావాలి. ఒళ్లు పెనంలా కాలుతుంటుంది. వీళ్లలో ఎవరైనా ఒక పెగ్గు తాగి కూడా ఉండొచ్చు. వాసన రావడం వల్ల ఇవేవీ లేవని తేలదు. నిజానికి తాగిన మనిషి కిందపడి తలకు దెబ్బ తగిలించుకోవడం ఎక్కువ, ఖాళీ కడుపుతో తాగితే చక్కెర పడిపోవడమూ ఎక్కువ. వాసన వస్తే అనుమానం పెరగాలి, తగ్గకూడదు.

కల్తీ మరీ ప్రమాదం. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసింది తాగితే మొదట మామూలు మత్తులాగే ఉంటుంది, 12 నుంచి 24 గంటలయ్యాక కడుపునొప్పి, చూపు మసకబారడం, ఎగశ్వాస మొదలవుతాయి. ఒకే చోట తాగిన ఇద్దరు ముగ్గురు "కళ్లు కనిపించట్లేదు" అంటే లాకప్ కాదు, 108 వాహనం కావాలి, మిగతావాళ్లను కూడా వెతికి తేవాలి. 2020లో మన పక్క ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. అలాంటివాళ్లను వీధిలో మొదట చూసే సర్కారు మనిషి సాధారణంగా కానిస్టేబులే.

మీరు చేయగలిగిన పరీక్ష రెండు నిమిషాలది, పరికరం అక్కర్లేదు. పేరు పెట్టి పిలవండి, భుజం తట్టండి, పలికాడా? రెండు చేతులూ ఎత్తమనండి, ఒకటి కిందికి జారుతోందా? పళ్లు కనబడేలా నవ్వమనండి, మూతి ఒక వైపు లాగుతోందా? తలంతా చేత్తో తడమండి, బొప్పి కట్టిందా, రక్తం, చెవిలోంచి తడి ఉందా? జేబులో మాత్రల షీటు ఉందా? నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. ఎనిమిది కంటే తక్కువ ఉన్నా, మధ్యలో పది సెకన్లకు మించి ఆగినా, ఒళ్లు చల్లబడి పెదాలు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి. ఇందులో ఏ ఒక్కటి తేడా ఉన్నా అతను పేషెంటు, ముద్దాయి సంగతి తర్వాత. 108 వచ్చేదాకా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కింది చెయ్యి ముందుకు చాపి, పై మోకాలు మడిచి, మూతి నేల వైపు వాలేలా. వెల్లకిలా పడుకోబెడితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తాగినవాడు లాకప్‌లో చనిపోవడానికి ఇదొక పెద్ద కారణం, అదీ ఎవరూ కొట్టకుండానే.

మత్తు దిగాలని నెత్తిన బిందెడు నీళ్లు కుమ్మరించడం, నిమ్మరసం, మజ్జిగ, డికాషన్ నోట్లో పోయడం అందరూ చేస్తారు. వీటితో రక్తంలోని ఆల్కహాల్ ఒక్క చుక్క కూడా తగ్గదు, సగం స్పృహలో ఉన్నవాడికి పోస్తే పొరపోతుంది. దాన్ని తగ్గించేది ప్రధానంగా కాలేయమే. అది గంటకు 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తుంది, దాన్ని తొందరపెట్టే మందు లేదు. ఒక లెక్క చూడండి. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో 42.8 శాతం చొప్పున సుమారు 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్, అంటే 60 గ్రాములు. 60 కిలోల మగమనిషి దాన్ని గబగబా తాగితే 140 మిల్లీగ్రాముల పైకి పోవచ్చు. రాత్రి తొమ్మిదికి తాగినది పూర్తిగా పోయేసరికి తెల్లవారి ఆరు, ఏడు అవుతుంది. అందుకే అర్ధరాత్రి రెండింటికి "దిగిపోయిందిలే" అని వదిలేస్తే ప్రమాదం. నేషనల్ హైవే 16 పక్కన రాత్రిపూట లారీల కింద పడేది ఇలాంటివాళ్లే. వదిలేటప్పుడు ఇంటి మనిషికో, పనిచేసే చోటి మేస్త్రీకో అప్పజెప్పి, వాళ్ల సంతకం జనరల్ డైరీలో తీసుకోండి.

రోజూ తాగే మనిషి సంగతి దీనికి తలకిందులు. అతనికి ప్రమాదం మందు దిగాక మొదలవుతుంది. ఆఖరి చుక్క తర్వాత ఆరు నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, గుండెదడ. ఆరు నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండు, మూడు రోజులకు లేనివి కనబడటం, అరవడం, జ్వరం. దాన్ని "నాటకం" అనుకుని వదిలేస్తే చనిపోతారు. ఒక రాత్రి లాకప్‌లో మొదటి భాగమే కనబడుతుంది. వేరే కేసులో రిమాండుకు పంపేవాడు రోజూ తాగేవాడైతే ఆ ఒక్క మాట సబ్‌జైలుకు రాసి పంపండి.

స్టేషన్‌కు తేక తప్పనప్పుడు ఏం చేయాలో చట్టంలోనే ఉంది. 1996లో డీకే బసు కేసులో అరెస్టుల గురించి సుప్రీంకోర్టు చెప్పినవి ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్లుగా ఉన్నాయి. పట్టుకున్న అధికారి పేరు బ్యాడ్జి మీద స్పష్టంగా కనబడాలి. అరెస్టు మెమో అక్కడే రాయాలి, ఇంటి మనిషో ఆ వీధి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, ముద్దాయి సంతకం కావాలి. మత్తులో పెట్టిన సంతకానికి విలువ ఉండదు, కాబట్టి మత్తు దిగాక మళ్లీ చదివి వినిపించి రెండో సంతకం సమయం వేసి తీసుకుంటే మీకే మేలు. 47 కింద ఎందుకు పట్టుకున్నారో, బెయిలు హక్కు ఉందనీ చెప్పాలి. 48 కింద ఇంటికి కబురు చేయాలి. 53 కింద డాక్టరు పరీక్ష చేయించి, రిపోర్టు కాపీ అతనికీ ఇవ్వాలి. 60 ఏళ్లు దాటినవాణ్ని, ఒంట్లో బాగాలేనివాణ్ని మూడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసులో డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదని 35వ సెక్షన్ ఏడో ఉపవిభాగం చెబుతోంది. బస్టాండుల్లో పడి ఉండే ముసలివాళ్ల విషయంలో దీన్నే తరచుగా మరిచిపోతారు. లాకప్‌లో పెట్టే ముందు బెల్టు, మొలతాడు, తువ్వాలు తీసి జాబితా రాయండి. సెంట్రీ అరగంటకోసారి లోపలికి వెళ్లి లేపి, పలికించి, సమయం రాయాలి. కటకటాల అవతలి నుంచి చూసి "గురక పెడుతున్నాడు" అని రాస్తే సరిపోదు. లోతైన గురక ఒక్కోసారి ఊపిరి అడ్డుపడుతున్న గుర్తు. 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు చెప్పిన సీసీ కెమెరాలు లాకప్ గదిని కూడా చూపించాలి, రికార్డు 18 నెలలు దాచాలి. ఏదైనా జరగరానిది జరిగితే 24 గంటల్లో మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలి, మేజిస్ట్రేటు విచారణ ఉంటుంది. ఈ పద్ధతి ముద్దాయిని ఎంత కాపాడుతుందో, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌నూ అంతే కాపాడుతుంది.

బెయిలు ఇక్కడ మీ దయ కాదు, అతని హక్కు. బీఎన్‌ఎస్‌ఎస్ 478 ప్రకారం జామీను ఇవ్వలేని పేదవాణ్ని సొంత బాండు మీదే వదలాలి. ఆ ఒడిశా కుర్రాడికి ఇక్కడ జామీను ఇచ్చే పట్టాదారు ఎక్కడి నుంచి వస్తాడు? శనివారం రాత్రి ఎనిమిదికి పట్టుకుని ఆదివారం సాయంత్రం దాకా కూర్చోబెడితే, కోర్టు వేయగలిగిన గరిష్ఠ శిక్ష 24 గంటలు విచారణ లేకుండానే దాదాపు అయిపోయింది. ఆ తర్వాత జరిమానా కూడా కట్టించుకుంటే ఒక తప్పుకు రెండుసార్లు వసూలు చేసినట్టే.

తాగి బండి నడిపేవాళ్ల తరఫున మేం ఒక్క మాట కూడా మాట్లాడం. మోటారు వాహనాల చట్టం 185 కింద 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. పట్టుకోండి. కానీ కేసు నిలబడేలా పట్టుకోండి. ఊదించే ముందు 15 నిమిషాలు ఆగాలి, నోట్లో మిగిలిన మందు అంకె పెంచుతుంది. మనిషికో కొత్త గొట్టం వాడాలి. అంకె, సమయం ఉన్న చీటీ తీసి సంతకం చేయించాలి, యంత్రం అంకె సరిగా చూపుతోందో లేదో సరిచూసిన (క్యాలిబ్రేషన్) తేదీ రికార్డులో ఉండాలి. అరెస్టు చేస్తే రెండు గంటల లోపు డాక్టరు పరీక్ష జరగాలి, లేకపోతే వదిలేయాలని 202 స్పష్టంగా చెబుతోంది. తరచుగా పట్టించుకోని గడియారం ఇది. నాకాబందీలో ఇరవై మందిని ఒకే జీపులో ఎక్కించి ఒకే డాక్టరు దగ్గర వరసలో నిలబెడితే ఆఖరి పదిమందికి రెండు గంటలు దాటిపోతాయి. రక్తం తీసేచోట స్పిరిట్ దూదితో తుడవకూడదు, సోడియం ఫ్లోరైడ్ ఉన్న సీసాలోనే పట్టాలి. రక్త, మూత్ర పరీక్షల రుజువు లేకుండా వాసన, తూలుడు, ముద్దమాట, పెద్దవైన కంటిపాపలు మాత్రమే చూసి తాగాడని తేల్చలేమని సుప్రీంకోర్టు 1971లోనే బచ్చూభాయ్ కర్యానీ కేసులో చెప్పింది. రోడ్డు మీద నడిచేవాడి విషయంలోనూ ఆ జాగ్రత్తే ఉండాలి, పైగా నడిచేవాడికి 30 మిల్లీగ్రాముల హద్దు కూడా లేదు. బ్రీత్ ఎనలైజర్‌లో అంకె వచ్చిందని పాదచారి మీద 355 రాయడం ఈ రెంటినీ కలిపేసి చేసే పొరపాటు.

మేం అడిగేది పెద్ద ఖర్చుతో అయ్యేది కాదు. పెట్టీ కేసులకు నెలవారీ సంఖ్య పెట్టే పద్ధతి ఎక్కడ ఉన్నా ఆపండి. సంఖ్య పెడితే ఎవరు తేలిగ్గా దొరుకుతారో వాళ్లే దొరుకుతారు. 355 కింద కేసు రాసే ప్రతిసారీ ఎవరికి ఏ చీకాకు కలిగిందో ఆ మనిషి పేరుతో ఒక వాక్యం తప్పనిసరి అని మెమో ఇవ్వండి. ఇంట్లో దెబ్బల కేసును తాగుడు కేసుగా రాయకూడదని అదే మెమోలో చేర్చండి. పైన చెప్పిన రెండు నిమిషాల పరీక్షను ఒక అట్ట మీద తెలుగులో అచ్చు వేయించి ప్రతి బీటు వాహనంలో పెట్టించండి. సర్వజనాసుపత్రి డాక్టర్లతో ఒక పూట శిక్షణ పెడితే వచ్చి చెప్పడానికి మేం సిద్ధం. తాగుడు మానాలని తానే అడిగేవాడికి ఇవ్వడానికి టెలీ మానస్ 14416 నంబరు, న్యాయ సహాయానికి 15100 నంబరు స్టేషన్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

రొట్టెల పండగ వస్తే బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు గట్టున లక్షల మంది చేరతారు. అక్కడ బందోబస్తులో ఉండే సిబ్బందికి ఈసారి అరెస్టు మెమోల పుస్తకంతో పాటు, పడిపోయినవాళ్లను పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి నీడలో ఒక పందిరి, నాలుగు చాపలు, ఒక నర్సు, ఒక 108 ఇవ్వండి. తూలుతూ వచ్చినవాణ్ని ముందు ఆ పందిట్లోకి నడిపించమని వాళ్లకు చెప్పండి.

ఇట్లు,
నెల్లూరు జిల్లా కోర్టుల్లో, ఆసుపత్రుల్లో, మహిళా సంఘాల్లో పనిచేసేవారు కొందరు